కృతజ్ఞతల నోట్‌బుక్ హాజరుపట్టీలా తయారైంది

7 వారాలుగా రోజూ రాత్రి పదింటికి, పిల్లలు పడుకున్నాక, దేవుడికి థాంక్స్ చెప్పుకోవాల్సినవి మూడు నోట్‌బుక్‌లో రాస్తున్నాను. మొదటి రెండు వారాలు నిజంగానే మనసు తేలికపడింది, ఆ తర్వాత నుంచి ఆరోగ్యం, పిల్లలు, ఉద్యోగం అని రోజూ అవే మూడు. పొద్దున 6 గంటలకు మార్చాను, వారం తిరక్కుండానే మళ్లీ అదే తంతు. ఫోన్‌లో రిమైండర్ పెడితే అది మోగగానే చిరాకు (థాంక్స్ చెప్పడానికి చిరాకేంటో!). భోజనాల దగ్గర తలా ఒకటి చెబుదామంటే మా ఆయన నాలుగు రోజులు చెప్పి ఊరుకున్నారు, మా పెద్దాడు మాత్రం రోజూ "ఇవాళ హోంవర్క్ లేదు" అంటాడు, మా అందరిలో మనస్ఫూర్తిగా చెప్పేది వాడొక్కడేనేమో.

గత నెల నా కోర్సు పరీక్ష రెండోసారి పోయింది, అప్పటి నుంచి ప్రార్థనకు కూర్చుంటే అడగడమే తప్ప థాంక్స్ నోటికి రావట్లేదు. నమ్మకమైతే పోలేదు. ఇలా ఆగిపోయినవాళ్లు ఎవరైనా ఉంటే, రాసే పద్ధతిలో ఏ ఒక్క మార్పు చేస్తే మీకు మళ్లీ మనసులోంచి వచ్చింది?