డొకొమో షేర్ల గొడవలో ఆర్‌బీఐకి ఏం పని?

ప్రశ్న: సెకనుకు పైసా సిమ్ వాడినవాణ్ణి, అందుకే అడుగుతున్నా. టాటాలకూ జపాన్ డొకొమోకూ మధ్య షేర్ల లెక్క వాళ్ల సొంత వ్యవహారం కదా?

జవాబు: పూర్తిగా కాదండీ. టాటాల టెలికాం కంపెనీలో వాటా కొన్న డొకొమో బయటికి వెళ్తే, కొన్న ధరలో కనీసం సగం వచ్చేలా చూస్తామని టాటాలు ముందే రాసిచ్చారు. 2014లో డొకొమో వెళ్తానంది. విదేశీయులకు అలా ఖాయం చేసిన ధర కుదరదని ఆర్‌బీఐ అనుమతివ్వలేదు.

ఇంకో జవాబు: నిబంధన చెప్పడం వరకు సరే. లండన్ ఆర్బిట్రేషన్‌లో (కోర్టు బయటి మధ్యవర్తిత్వంలో) 117 కోట్ల డాలర్లు కట్టమన్నారు, టాటాలూ చివరికి రాజీపడ్డారు. మళ్లీ ఆ రాజీకి అడ్డుపడుతూ ఆర్‌బీఐ ఢిల్లీ హైకోర్టుకెక్కడమే నాకు నచ్చలేదు. 2017 ఏప్రిల్‌లో కోర్టు ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చింది కూడా.

ప్రశ్న వేసినవారు: థాంక్సండీ. నా పాత నంబరు మాత్రం ఇప్పుడు ఎయిర్‌టెల్‌లో ఉంది!