ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ పేపర్: వారానికి ఎంత పని ఇవ్వొచ్చు?

ఏడురోడ్ల మేడమ్:

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం దగ్గర ఒక కాలేజీలో ఎంసీఏ వాళ్ళకి పాఠాలు చెప్తున్నాను. ఈ సెమిస్టర్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ పేపర్ నా నెత్తిన పడింది. 4 క్రెడిట్లు, వారానికి 3 క్లాసులు, 2 గంటల ల్యాబ్, 60 మంది పిల్లలు, ఆగస్టు మొదటి వారం నుంచి 15 వారాలు. సిలబస్‌లో 5 యూనిట్లున్నాయి కాబట్టి యూనిట్‌కి 3 వారాలు అని పంచేశాను. ప్రతి వారం పిల్లలు టెక్స్ట్‌బుక్‌లో రెండు చాప్టర్లు చదివి రావాలి, అంటే దాదాపు 60 పేజీలు. ఏదో ఒక సంస్థ కేసు తీసుకుని రెండు పేజీలు రాయాలి. ఆన్‌లైన్ క్విజ్ ఒకటి, ల్యాబ్ రికార్డు మామూలే. చివరి 4 వారాలు గ్రూప్ ప్రాజెక్టు.

ప్లాన్ చూసి మా స్టాఫ్ రూమ్‌లో ఒకాయన "కాగితం మీద బాగుందమ్మా" అని నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు చూశాక నాకు టెన్షన్ పట్టుకుంది. మీరైతే వారానికి ఎంత పని ఇస్తారు? ప్రాజెక్టు ఎప్పుడు మొదలుపెట్టిస్తారు? ఈ పేపర్ గాని ఇలాంటిది గాని చెప్పినవాళ్ళు, చదివినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి.

గంటస్తంభం:

అమ్మా, నేను విజయనగరంలో చాలాకాలంగా ఇదే పని చేస్తున్నాను. ముందు ఆ 5 యూనిట్లని పక్కన పెట్టి పిల్లవాడి గంటలు లెక్కెయ్యండి. నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ లెక్క ప్రకారం ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు, క్లాసు, ల్యాబ్, ఇంటి దగ్గర చదివేది, పరీక్ష అన్నీ కలుపుకుని. మీ 4 క్రెడిట్లకి 120 గంటలు. 15 వారాలకి పంచితే వారానికి 8. అందులో టైమ్‌టేబుల్లోనే 5 గంటలు పోతాయి. మీ చేతిలో మిగిలేది 3 గంటలు. మీరు ఇంటికి ఏమిచ్చినా ఆ మూడింట్లోనే సర్దాలి, ఎందుకంటే మిగతా సబ్జెక్టుల మేస్టార్లకీ ఇదే లెక్క, సెమిస్టర్‌కి 20 క్రెడిట్లంటే వాడి వారం అప్పటికే 40 గంటలు.

ఇప్పుడు మీ ప్లాన్ చూడండి. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లవాడు ఇంగ్లిష్ టెక్స్ట్‌బుక్ అర్థం చేసుకుంటూ చదివితే గంటకి పది పేజీలు సాగడమే గొప్ప. 60 పేజీలకి 6 గంటలు. కేసు రాయడం ఇంకో రెండు గంటలనుకోండి. క్విజ్, రికార్డు ఇంకా కలపనేలేదు, అప్పుడే 8 అయింది. మూడు గంటల చోట పది గంటల పని పెడితే వాళ్ళేం చేస్తారో మీకూ తెలుసు. ఒకడు రాస్తాడు, మిగతా 59 మంది దించుతారు. అది పిల్లల సోమరితనం అని నేననను, మనం వేసిన లెక్క అలాంటిది.

మీ గంటలు కూడా లెక్కేసుకోండి. యూజీసీ నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల బోధన అని ఉంది. 60 కేసు నోట్సులు, ఒక్కోటి 5 నిమిషాలు చూసినా 5 గంటలు, ఇది ఒక్క పేపర్‌కి! రెండో నెల వచ్చేసరికి దిద్దని కట్టలు టేబుల్ మీద పేరుకుంటాయి, పిల్లలు అది కనిపెట్టేస్తారు.

ఇంకోటి, అన్ని వారాలూ ఒకేలా ఉండవు. ఈ సబ్జెక్టులో టీపీఎస్ (రోజువారీ లావాదేవీలవి), ఎంఐఎస్ (మేనేజర్లకి రిపోర్టులిచ్చేవి), డీఎస్ఎస్ (నిర్ణయాలకి సాయపడేవి) అని సిస్టమ్‌ల రకాలు చెప్పే యూనిట్‌కి మూడు వారాలు ఎందుకండీ, ఒకటిన్నర చాలు. ఈఆర్ డయాగ్రమ్‌లు (దేనికి దేనితో సంబంధమో చూపించే బొమ్మలు), నార్మలైజేషన్ (ఒకే సమాచారం పదిచోట్ల రాకుండా టేబుళ్ళు విడగొట్టడం) దగ్గర మాత్రం పిల్లలు ఆగిపోతారు, అక్కడ మూడున్నర, నాలుగు వారాలు పడుతుంది. మిడ్స్ వారంలో ఏమీ ఇవ్వకండి, సున్నా.

మీరు ఆగస్టులో మొదలుపెడితే పదో వారం అక్టోబరు రెండో వారంలో పడుతుంది. మన ఉత్తరాంధ్రలో ఆ వారాన్ని నమ్ముకుని డెడ్‌లైన్ పెట్టేవాళ్ళని చూస్తే నాకు జాలి. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. తిత్లీ తర్వాత పలాస, మందస వైపు ఊళ్ళల్లో కరెంటు లేక ఎన్ని అవస్థలు పడ్డారో ఆ జిల్లా వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆ వారం ఖాళీగా ఉంచండి, గాలివాన రాకపోతే వెనకబడ్డవాళ్ళు పుంజుకోవడానికి పనికొస్తుంది. మా ఊళ్ళో అయితే పైడితల్లి అమ్మవారి జాతర, విజయదశమి తర్వాత వచ్చే సోమవారం తొలేళ్ళు, మంగళవారం సిరిమాను, ఆ రెండు రోజులూ క్లాసు పెట్టినా నేనూ బెంచీలే.

బొబ్బిలి ప్యాసింజర్:

మేడమ్, నేను పోయినేడాది ఇలాంటి పేపరే చదివాను. బొబ్బిలి నుంచి విజయనగరం రోజూ ట్రైన్‌లో వచ్చేవాడిని. పైన మేస్టారు చెప్పిన 3 గంటలు కూడా నాలాంటివాళ్ళకి ఒక్కచోట దొరకవు, ట్రైన్‌లో సీటు దొరికితే అరగంట, రాత్రి అన్నం తిన్నాక ఒక గంట, ఆదివారం కొంచెం, అలా ముక్కలు ముక్కలుగా దొరుకుతాయి. అందుకని ఫోన్‌లో అయిపోయే పనులు (క్విజ్, చిన్న చదువు) వేరుగా, కూర్చుని కంప్యూటర్ ముందు చెయ్యాల్సినవి వేరుగా ఇవ్వండి. మా క్లాసులో సగం మందికి ల్యాప్‌టాప్ లేదు. ఆ రెండోరకం పనంతా ల్యాబ్ టైములోనే అయిపోయేలా చూడండి ప్లీజ్. ఈఆర్ డయాగ్రమ్ కాగితం మీద పెన్సిల్‌తో గీసి ఫోటో పెట్టినా తీసుకోండి, డ్రా.ఐఓ అనే వెబ్‌సైట్‌లోనే గీయాలని మా సార్ పట్టుబడితే ఇంటర్నెట్ సెంటర్లో క్యూ కట్టాం.

డెడ్‌లైన్ గురించి కూడా. అందరు లెక్చరర్లూ ఆదివారం రాత్రి 11:59 అని పెడతారు. ఐదు సబ్జెక్టులు, ఒకే రాత్రి. నెట్ తిరుగుతూనే ఉంటుంది, ఎవడో ఒకడు వాట్సాప్‌లో ఆన్సర్లు పడేస్తాడు, పేరు మార్చి అందరం పంపేస్తాం. మీరు బుధవారం సాయంత్రం అని ఒక్కటే రోజు పెట్టి సెమిస్టర్ అంతా అదే ఉంచండి, అప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు, గుర్తుంటుంది.

రికార్డు గురించి ఏం చెప్పమంటారు. ఎస్‌క్యూఎల్ క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) ఎర్ర పెన్నుతో హెడ్డింగు పెట్టి ఎడమ పేజీలో, అవుట్‌పుట్ టేబుల్ గీతలు కొట్టి కుడి పేజీలో, చేత్తో! క్వెరీ పని చేసిందా లేదా అనేది ఎవరూ చూడరు, గీతలు వంకరగా ఉంటే మాత్రం మళ్ళీ రాయమంటారు. ఒక్కో వారం రెండు గంటలు దానికే పోయేవి.

రాజాం రోడ్డు:

అందరూ తగ్గించమనే చెప్తున్నారు, నేను కాస్త ఎదురు చెప్తాను. నేనూ లెక్చరర్నే. తగ్గించుకుంటూ పోతే చివరికి మిగిలేది పరీక్షకి ముందు రోజు జిరాక్స్ నోట్సు. ఎంసీఏ అయ్యాక ఇంటర్వ్యూలో ఎదురుగా ఇంగ్లిష్ డాక్యుమెంట్ పెడితే వీళ్ళు బిక్కమొహం వేసేది ఎందుకు? పేజీలు తిప్పే అలవాటు లేకే. చదివించడం అసలు మానెయ్యకండి మేడమ్. 60 పేజీలు ఎక్కువే, ఒప్పుకుంటాను, 15 ఇవ్వండి, కానీ ఆ 15 తప్పకుండా చదవాలి. ముందుగా నాలుగు ప్రశ్నలిచ్చి, వాటి జవాబులు ఆ పేజీల్లోనే వెతకమనండి. క్లాసులో మొదటి పది నిమిషాలు పుస్తకం మూసి జవాబులు రాయించండి. దిద్దక్కర్లేదు, పక్కవాడి కాగితం పక్కవాడు చూస్తాడు. చదివినవాడు, చదవనివాడు అక్కడే తేలిపోతారు.

మూడు గంటలు అన్నది పిల్లలందరికీ సరిపోతుందని కూడా నేననుకోను. నార్మలైజేషన్ కొందరికి గంటలో వస్తుంది, కొందరికి వారం పడుతుంది. లెక్క సగటు పిల్లవాడికి వేసి, వెనకబడ్డవాళ్ళని ల్యాబ్‌లో పక్కన కూర్చోబెట్టుకోవడమే దారి.

పలాస జీడి:

నేను టీచర్‌ని కాదు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, ఇంటి దగ్గర మాకు పలాసలో చిన్న జీడిపప్పు యూనిట్ ఉంది. ప్రాజెక్టు చివరి 4 వారాల్లో అన్నది చూసి రాస్తున్నా.

ఒకసారి ఎంసీఏ పిల్లలు నలుగురు మా యూనిట్‌కి స్టాక్ సిస్టమ్ చేస్తామని వచ్చారు. మొదటి రోజే టేబుల్ గీసేశారు, బస్తా నంబరు, బరువు, గ్రేడ్. నేనడిగాను, 80 కిలోల జీడిపిక్కల బస్తాలోంచి 240 వస్తుంది, 320 వస్తుంది, బద్దలు వస్తాయి, ముక్కలు వస్తాయి, ఇప్పుడు గ్రేడ్ అన్న గడిలో ఏం రాస్తారు అని. (320 అంటే పౌనుకి సుమారు 320 పప్పులు, నంబరు తగ్గేకొద్దీ పప్పు లావు, రేటు ఎక్కువ.) వెంటనే గ్రేడ్1, గ్రేడ్2, గ్రేడ్3 అని మూడు గళ్ళు పెట్టారు. నాలుగో గ్రేడ్ వస్తే? అలా తర్జనభర్జన పడి చివరికి బస్తా, గ్రేడ్, బరువు అని వేరే టేబుల్ తీశారు. క్లాసులో చెప్పిన పాఠమే, కానీ అక్కడికొచ్చేదాకా అది ఎందుకో వాళ్ళకి తెలీదు.

అసలు సంగతి తర్వాత బయటపడింది. మా యూనిట్‌లో ఉడకబెట్టేటప్పుడు ఒక లోడ్‌లో వచ్చిన బస్తాలన్నీ కలిపేస్తారు. కటింగ్ అయి, డ్రయ్యర్‌లోంచి బయటికొచ్చి, పొట్టు తీసే ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళేసరికి ఏ పప్పు ఏ బస్తాదో మా నాన్నకి కూడా తెలీదు. కాబట్టి బస్తా నంబరు పెట్టుకుని లాభం లేదు, లాట్ నంబరు (లోడ్ మొత్తానికి ఒకటే) ఉండాలి. ఇది ఆఫీసులో కూర్చున్న గుమస్తా చెప్పలేదు, పీలింగ్ దగ్గర ఒకామె చెప్పింది, ఆమెకి కూలి కిలో లెక్కన, అందుకే ఏ తూకం ఎక్కడ వేస్తారో ఆమెకి బాగా తెలుసు.

ఇదంతా నాలుగు వారాల్లో అవ్వదు మేడమ్. రెండోసారి వెళ్ళి అడగడానికి టైము ఉండాలి. మూడో వారంలోనే బయటికి పంపండి.

ఏడురోడ్ల మేడమ్:

మేస్టారూ, అందరికీ చాలా థాంక్స్. ఆ మూడు గంటల లెక్క చూశాక ప్లాన్ అంతా చింపి మళ్ళీ రాశాను. చదువు వారానికి 15 పేజీలు, రాజాం రోడ్డు గారు చెప్పినట్టు ప్రశ్నలతో. అది గంటన్నర. వారం వారం కేసు తీసేశాను, దాని బదులు ప్రాజెక్టు డైరీ అరపేజీ, గ్రూపుకి ఒకటి, ఐదుగురేసి అంటే 12 కాగితాలు, నేను చూడగలను. బుధవారం సాయంత్రం 6 గంటలకి డెడ్‌లైన్. మొదటి రెండు వారాలు తేలిగ్గా, 3, 4 వారాల్లో ఏదో ఒక షాపుకో మిల్లుకో వెళ్ళి అడిగి రావడం, 5 నుంచి 7 దాకా ఈఆర్, నార్మలైజేషన్ బరువుగా, 8లో మిడ్. 9లో మళ్ళీ అదే చోటికి వెళ్ళి గీసింది చూపించాలి, 10 ఖాళీ, 11 నుంచి 13 ల్యాబ్‌లోనే ఎస్‌క్యూఎల్, ఫారాలు, రిపోర్టులు. 14లో చూపించడం, 15 రివిజన్.

రెండు దగ్గర ఆగాను. రికార్డు నేను వద్దన్నా ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చినప్పుడు అడుగుతారు. ఇంకా గ్రూపులో ఇద్దరు చేసి ముగ్గురు పేర్లు రాయించుకుంటే ఏం చెయ్యాలి?

గంటస్తంభం:

రికార్డు ఉంచండి, అవుట్‌పుట్ చేత్తో గీయడం మాత్రం మాన్పించండి. ప్రింట్ తీసి అతికిస్తే ఎక్స్‌టర్నల్స్ ఎవరూ కాదనరు, ఒకసారి మీ హెడ్‌తో మాట రాబట్టుకోండి. క్వెరీ, అది ఎందుకలా రాశాడో రెండు వాక్యాలు మాత్రం చేత్తో రాయమనండి. ఆ రెండు వాక్యాలు దించాడంటే ల్యాబ్‌లో నిలబెట్టి అడిగితే తెలిసిపోతుంది. రికార్డు కూడా ల్యాబ్ రెండు గంటల్లోనే పూర్తయి మీ సంతకం పడాలి, ఇంటికి వెళ్ళకూడదు. అదొక్కటి గట్టిగా పట్టుకోండి.

గ్రూపుల సంగతి, 14వ వారంలో ఒక్కొక్కడినీ విడిగా 3 నిమిషాలు అడగండి. 60 మందికి 3 గంటలు, ఆ వారం మూడు క్లాసులూ దానికే. ఒక టేబుల్ చూపించి, ఈ గడి తీసేస్తే ఏమవుతుంది అనండి, చాలు. ప్రాజెక్టుకి ఇచ్చే మార్కుల్లో సగం ఆ జవాబుకే వేస్తానని మొదటి వారంలోనే బోర్డు మీద రాసేయండి.

ఏడో వారం గురించి ఒక అనుమానం. నార్మలైజేషన్‌లో మెట్లైన థర్డ్ నార్మల్ ఫారమ్, బీసీఎన్ఎఫ్ రెండూ ఆ వారంలోనే పెట్టినట్టున్నారు, ఆ వెంటనే మిడ్. బీసీఎన్ఎఫ్‌ని 9కి జరపండి.

పలాస జీడి:

మేడమ్, మీ పిల్లల్ని ఒక గ్రూపుని మా యూనిట్‌కి పంపొచ్చు, నాన్నకి చెప్తాను. కాకపోతే ఆగస్టులోనే రమ్మనండి. దసరా, దీపావళి ఆర్డర్లు మొదలయ్యాక మావాళ్ళు ఎవరితోనూ మాట్లాడరు, తొమ్మిదో వారం వస్తే ఉదయం 8 లోపు వచ్చి వెళ్ళిపోవాలి.

బొబ్బిలి ప్యాసింజర్:

మేడమ్, 9వ వారం కూడా బుధవారమేనా డెడ్‌లైన్? ఉదయం యూనిట్‌కి వెళ్ళి వచ్చి అదే సాయంత్రం డైరీ పెట్టమంటే పిల్లలు వెళ్ళకుండానే రాసేస్తారు. ఆ ఒక్క వారం శుక్రవారం చెయ్యండి.