పేరు అసలుది, స్వభావం కల్పితం: ‘రెస్క్యూ డాన్’ మీద అభ్యంతరం సమంజసమేనా?

చర్చ ప్రారంభం, విజయనగరం నుంచి

జర్మన్ దర్శకుడు వెర్నర్ హెర్జోగ్ 2006లో తీసిన ‘రెస్క్యూ డాన్’ సినిమా గురించి మన మిత్రుల మధ్య నడుస్తున్న వాదన ఒక కొలిక్కి రాలేదు గనుక ఇక్కడ పెడుతున్నాను. చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. జర్మనీలో పుట్టి అమెరికా నౌకాదళంలో పైలట్ అయిన డీటర్ డెంగ్లర్, వియత్నాం యుద్ధకాలంలో, 1966 ఫిబ్రవరి 1న లావోస్ మీద దాడికి వెళ్ళి విమానం కూలిపోయి, పాథెట్ లావో అనే అక్కడి కమ్యూనిస్టు దళాల చేతికి చిక్కాడు. జూన్ 29న తోటి ఖైదీలతో కలిసి శిబిరం నుంచి తప్పించుకుని, జులై 20న రక్షణ హెలికాప్టరు వచ్చేదాకా వానల్లో అడవిలో ప్రాణాలు నిలబెట్టుకున్నాడు.

పేచీ అంతా యూజీన్ డిబ్రూయిన్ పాత్ర దగ్గర వచ్చింది. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ నడిపిన ఎయిర్ అమెరికా సంస్థ విమానం కూలడంతో 1963 సెప్టెంబరులోనే పట్టుబడిన ఈయన, డెంగ్లర్ వచ్చేనాటికే రెండేళ్ళకు పైగా చెరలో ఉన్నాడు. తెరమీద మాత్రం మతి చలించినవాడిగా, పారిపోతే కేకలు వేసి కాపలావాళ్ళను పిలుస్తానని బెదిరించేవాడిగా కనిపిస్తాడు. ఆ శిబిరం నుంచి బతికి బయటపడిన థాయ్‌లాండ్ వాసి పిసిధి ఇంద్రదత్, డిబ్రూయిన్ తమ్ముడు ఇద్దరూ దీన్ని ఖండించారు. ఆయన తోటి ఖైదీలకు ఇంగ్లీషు నేర్పాడనీ, తన తిండిలో వాటా పెట్టాడనీ, నడవలేని సహచరుడి కోసం వెనక్కి వెళ్ళాడనీ వారి వాదన. డిబ్రూయిన్ తిరిగి రాలేదు. ఏమయ్యాడో ఈనాటికీ తేలలేదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. కథకోసం మనిషి స్వభావాన్ని మార్చదలిస్తే పేరు కూడా మార్చవలసింది. పేరు అలాగే ఉంచి గుణం మార్చడం అన్యాయం.

బొబ్బిలి నుంచి

మాస్టారూ, మీరు సినిమాను కోర్టు వాంగ్మూలంలా చూస్తున్నారేమోనని నా అనుమానం. హెర్జోగ్ 1997లో డెంగ్లర్‌తోనే ఒక డాక్యుమెంటరీ తీశాడు. అందులో డెంగ్లర్ తన ఇంటి తలుపును పదేపదే తీసి మూసే సన్నివేశం సైతం దర్శకుడు కల్పించి చేయించినదే. డాక్యుమెంటరీలోనే అంత స్వేచ్ఛ తీసుకున్నవాడు కథాచిత్రంలో చేతులు కట్టుకుని కూర్చుంటాడా? చెరసాల కథ నడవాలంటే గోడకు ఇవతల కూడా ఒక ప్రతిఘటన ఉండాలి. అందరూ మంచివాళ్ళే అయితే మేకుతో బేడీలు విప్పుకునే ఆ రాత్రికి అంత బిగువు రాదు.

అంతదూరం ఎందుకు? మా బొబ్బిలి కథను బుర్రకథలవాళ్ళు తరతరాలుగా చెబుతున్నారు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులను మా కోట మీదికి తెచ్చిన మీ పూసపాటి విజయరామరాజు అందులో ప్రతినాయకుడే. పేరు మార్చమని విజయనగరం వాళ్ళు ఎన్నడైనా అడిగారా?

టెక్కలి ప్రాంతం నుంచి, విశ్రాంత సైనికుడు

ఇద్దరికీ నమస్కారం. సైన్యంలో పనిచేసినవాడిగా ఒక్క విషయంలో హెర్జోగ్‌ను మెచ్చుకోక తప్పదు. అడవిలో తిరిగిన వీరులు సినిమాల్లో ఎప్పుడూ బూట్లతోనే ఉంటారు. డెంగ్లర్‌కూ, అతని వెంట ఉన్న హెలికాప్టరు పైలట్ డ్వేన్ మార్టిన్‌కూ కలిపి మిగిలింది ఒకే ఒక బూటు అట్ట. దాన్ని తీగతో పాదానికి కట్టుకుని వంతులవారీగా నడిచారు. వానాకాలంలో జలగలున్న అడవిలో కాలికి పుండు పడితే తుపాకీ ఉన్నా ఉపయోగం లేదు. దొరికేనాటికి డెంగ్లర్ బరువు సుమారు 44 కిలోలు. హెలికాప్టరులోకి లాగినవాళ్ళు శత్రువేమోనని సోదా చేస్తే బట్టల కింద సగం తిన్న పాము కనిపించింది. వీరత్వమంటే ఆకలే అని తెలిసినవాడు తీసిన సినిమా ఇది.

అయితే మీ ఇద్దరి వాదనలో లావోస్ ఊళ్ళవాళ్ళు ఎక్కడా లేరు. మార్టిన్‌ను కత్తితో నరికిన గ్రామస్థుడు తెరమీద ఒక్క క్షణం కనిపించి మాయమవుతాడు. 1964 నుంచి 1973 దాకా ఆ దేశం మీద పడ్డ బాంబులు 20 లక్షల టన్నులకు పైమాటే. ఆ మనిషి కత్తి ఎందుకు ఎత్తాడో అడగకుండా డిబ్రూయిన్‌కు అన్యాయం జరిగిందనడం సగం లెక్కే అవుతుంది.

విజయనగరం నుంచి, జవాబు

బొబ్బిలి మిత్రులు మంచి ఉదాహరణే ఎత్తారు గాని, అది నా పక్షానికే పనికొస్తుంది. విజయరామరాజుకు మా ఊరుంది, కోట ఉంది. పైడితల్లి అమ్మవారు ఆయన చెల్లెలనీ, యుద్ధం వద్దని అన్నను బతిమాలిందనీ ఇక్కడి నమ్మకం. ఏటా సిరిమాను ఉత్సవానికి వచ్చే లక్షలాది జనం ఆ రెండో కథనూ వింటారు. మీ బుర్రకథకు ఎదురుగా నిలబడే కథ ఒకటి సజీవంగా ఉంది కాబట్టే మేము పేరు మార్చమని అడగలేదు. డిబ్రూయిన్ విషయంలో ప్రపంచానికి అందిన కథ ఒక్కటే, అది సినిమా. తోబుట్టువులు ఎంత చెప్పినా ఆ గొంతు థియేటరుదాకా రాదు.

ఇంకొకటి. జబ్బుపడ్డ ఖైదీలను వదిలి వెళ్ళడానికి డిబ్రూయిన్ ఒప్పుకోలేదని సినిమా పూర్తయ్యాకే తనకు తెలిసిందనీ, ముందే తెలిసుంటే బహుశా ఆ సంగతి చేర్చేవాడిననీ హెర్జోగే అన్నాడు. అంటే ఇక్కడ జరిగింది కళాస్వేచ్ఛ కాదు, వాకబులో లోపం. బతికి ఉన్న మరో సాక్షిని ముందే అడిగి ఉంటే ఈ పేచీ వచ్చేదే కాదు. ప్రతిఘటన కావాలంటే దానికి వేరే దారి ఉంది: రోగిని వదలనంటూ మొండికేసేవాడు, ఇప్పుడే పారిపోదామని తొందరపెట్టేవాడు ఎదురుపడితే, ఆ సన్నివేశంలో బిగువుకు లోటేముంటుంది?

సైనిక మిత్రులు చెప్పిన లావోస్ ఊళ్ళ సంగతి నేను కాదనను. కాకపోతే ఆ గ్రామస్థుడికి తెరమీద పేరు లేదు. అతనిపై మౌనం వహించారు, అతని పేరుమీద అబద్ధమైతే ఆడలేదు. రెండూ తప్పులే అయినా ఒకదానితో మరొకటి కొట్టుకుపోవు. ఆ బాంబు దాడుల మీద విడిగా చర్చ పెడితే నేనూ పాల్గొంటాను. మొదలుపెట్టే బాధ్యత మీరే తీసుకుంటే బాగుంటుంది.