ఇరవై ఏళ్ళ ఇంటి వైరింగ్ టెస్టింగ్: ఏమేం చూడాలి? ఆర్సీసీబీ తీసేయొచ్చా?

సాయినగర్_ఇల్లు:
అనంతపురంలో మూడంతస్తుల ఇల్లు, కట్టి ఇరవై ఏళ్ళు, కన్సీల్డ్ వైరింగ్. కింద మేముంటాం, పైన రెండు పోర్షన్లు అద్దెకిచ్చినాం. వాన పడితే చాలు, ఆర్సీసీబీ (ఎర్త్‌లోకి కరెంటు లీకైతే పడే స్విచ్) పడిపోతోంది. "ఎంసీబీలు (ఓవర్‌లోడు, షార్ట్ అయితే పడేవి) ఉన్నాయి కదా, దాన్ని తీసేసి డైరెక్ట్ చేసేద్దాం" అంటున్నాడు ఎలక్ట్రీషియన్. అట్ల చేయొచ్చా? మొత్తం వైరింగ్ టెస్టు చేయించాలంటే ఏమేం అడగాలి, రీడింగులు ఎంత ఉండాలి?

వైరింగ్_రెడ్డి:
డైరెక్ట్ మాత్రం చేయనీయొద్దు సార్. లెక్క చూడండి. మన రాళ్ళ నేలలో ఎండాకాలం ఎర్త్ పిట్ 20 ఓములు చూపిందనుకోండి. గీజర్ ఎలిమెంట్ పగిలి ఫేజు బాడీకి తగిలితే ఎర్త్‌లోకి పోయేది మహా అయితే 230 బై 20, అంటే 11.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడు, పడనే పడదు. సి టైపుదైతే వెంటనే పడడానికి 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. ఆ గీజరే కాదు, అదే ఎర్త్‌కు కలిసిన ఫ్రిజ్జు, వాషింగ్ మెషిన్ బాడీలన్నిటికీ కరెంటు వచ్చి అట్లే ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్లకు పడేది ఆర్సీసీబీ ఒక్కటే.

టెస్టుల్లో ముందు కంటితో చూసేవి. డీబీ (ఎంసీబీలుండే బోర్డు) మూత తీసి న్యూట్రల్ లింక్ (న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీ) నల్లబడిందా, స్క్రూలు వదులయ్యాయా చూడాలి. త్రీఫేజ్ సర్వీసులో మెయిన్ న్యూట్రల్ వదిలితే తక్కువ లోడున్న ఫేజులో వోల్టేజి 400 దగ్గరికి కూడా పోతుంది, టీవీలు కాలేది అందుకే. ఏసీ ట్రిప్ అవుతోందని 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మీద 32 ఆంపియర్ల ఎంసీబీ పెట్టి ఉంటారు, అదీ చూడండి. అక్కడ ఎంసీబీ కంటే ముందు వైరు కాలుతుంది.

తర్వాత మెగ్గర్, అంటే వైర్ల ఇన్సులేషన్ కొలిచే మీటరు. మెయిన్ ఆఫ్ చేస్తే చాలదు, ఇన్వర్టర్ ఆఫ్ చేసి దాని అవుట్‌పుట్ కూడా విప్పాలి. ఎల్ఈడీ లైట్లు, ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్లు, సర్జ్ ప్రొటెక్టర్ తప్పించాలి, లేకుంటే తప్పుడు రీడింగు వస్తుంది, లేదా అవి పోతాయి. లింక్ నుంచి న్యూట్రల్ విప్పి, ఫేజు, న్యూట్రల్ కలిపి ఎర్త్‌కు 500 వోల్టుల డీసీతో ఒక నిమిషం చూడాలి. వైరింగ్‌కు సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 732 ప్రకారం 1 మెగోమ్‌కు తగ్గకూడదు. కానీ బాగున్న సర్క్యూట్ పదుల్లో, వందల్లో చూపుతుంది. అన్నీ 100 దాటి ఒక్కటే 2 చూపిస్తే దాంట్లోకి తేమ దిగుతున్నట్టే, పాసయిందని వదలొద్దు. మీ కేసులో ఈ టెస్టు వాన వెలిసిన వెంటనే చేయించండి, ఎండలో చేస్తే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. మొదటి అనుమానం గేటు లైటు, మిద్దె మీది లైటు, బోరు మోటారు కేబుల్ జాయింటు.

ప్రతి త్రీపిన్ సాకెట్‌లో ఎర్త్ పిన్ను నుంచి డీబీ ఎర్త్ బార్ వరకు కంటిన్యూటీ కూడా అడగండి, 1 ఓము లోపే రావాలి. పాత ఇళ్ళల్లో న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు లూప్ చేసి ఉంటారు. టెస్ట్ ల్యాంప్ పెడితే చక్కగా వెలుగుతుంది, ఎర్త్ ఉందనే అనుకుంటాం. ఎప్పుడైనా ఆ న్యూట్రల్ తెగితే బాడీకి ఫేజు వచ్చేస్తుంది. డీబీలో న్యూట్రల్ విప్పి చూస్తేనే గుట్టు బయటపడుతుంది.

ప్యానెల్_బాషా:
పై మాటకు ఒకటి కలుపుతా. ఎంసీబీలు ఒక్కొక్కటి దించుకుంటా ఫాల్ట్ వెతికితే చాలాసార్లు దొరకదు. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజును మాత్రమే కోస్తుంది. న్యూట్రల్ ఎర్త్‌కు తగిలి ఉంటే ఆ ఎంసీబీ ఆఫ్‌లో ఉన్నా ఆర్సీసీబీ పడుతుంది. న్యూట్రల్ వైర్లు ఒక్కొక్కటి విప్పి చూడండి. మెట్ల లైటుకు ఒక పోర్షన్ ఫేజు, ఇంకో పోర్షన్ న్యూట్రల్ వాడి ఉంటే అది వేసినప్పుడల్లా పడుతుంది. ఇన్వర్టర్ న్యూట్రల్ కలిసిపోయినా ఇదే గోల.

ఆర్సీసీబీ మీది టెస్ట్ బటన్ లోపలి మెకానిజం పనిచేస్తుందనే చెబుతుంది, ఎర్త్ సంగతి చెప్పదు. అయినా మూడు నెలలకోసారి నొక్కండి. టెస్టర్‌తో అయితే 15 మిల్లీ ఆంపియర్లకు పడకూడదు, 30కి 300 మిల్లీ సెకన్లలోపు, 150కి 40 లోపు పడాలి.

సాయినగర్_ఇల్లు:
చాలా థ్యాంక్స్ అన్నా. ఎర్త్ పిట్‌లో ఉప్పు వేసి నీళ్ళు పోస్తే సరిపోతుందా? ఖాళీ జాగా తక్కువ.

వైరింగ్_రెడ్డి:
ఉప్పు వేస్తే రీడింగు తగ్గుతుంది, కానీ జీఐ (జింకు పూత ఇనుము) పైపును తినేస్తుంది. బెంటోనైట్ (తేమ పట్టి ఉంచే బంకమట్టి) నింపడం మేలు. 40 మిల్లీమీటర్ల, 2.5 మీటర్ల జీఐ పైపుతో రెండో పిట్ తవ్వి మొదటిదానికి కలపండి, మధ్యలో కనీసం 2.5 మీటర్లు ఎడం ఉండాలి. రాయి తగిలితే జీఐ పట్టీని కాలువ తీసి అడ్డంగా పరచవచ్చు.

కొలవడానికి ఎర్త్ టెస్టర్ కరెంట్ స్పైకు 30 మీటర్ల దూరంలో, వోల్టేజి స్పైకు దాదాపు 19 మీటర్ల దగ్గర దిగ్గొట్టాలి. పిట్ నుంచి ఎర్త్ వైరు విప్పే ముందు మెయిన్ ఆఫ్ చేయడం మరవొద్దు. మీ సందులో అంత దూరం రాకుంటే సాకెట్ దగ్గర లూప్ ఇంపెడెన్స్ టెస్టర్ (ఫేజు నుంచి ఎర్త్ వరకు దారి మొత్తం నిరోధం కొలిచేది) పెట్టమనండి. ఆర్సీసీబీ పడకుండా కొలిచే మోడ్ ఉన్నదే తెమ్మనండి. ఒకే పిట్ ఉన్నప్పుడు క్లాంప్ టెస్టర్ (ఎర్త్ వైరు చుట్టూ బిగించి కొలిచేది) రీడింగు నమ్మొద్దు, దానికి కరెంటు తిరిగొచ్చే ఇంకో దారి కావాలి. మెగ్గర్ వాన వెలిసిన వెంటనే అన్నాను కదా, ఎర్త్ మాత్రం మే నెలలో కొలిపించండి, నేల బాగా ఎండినప్పుడు వచ్చే రీడింగే లెక్క.

రీడింగులన్నీ సర్క్యూట్ పేరుతో సహా కాగితం మీద రాయించి డీబీ తలుపు లోపల అంటించండి. ఐదేళ్ళకు మళ్ళీ చేయించినప్పుడు ఏ సర్క్యూట్ దిగజారుతోందో పోల్చి చూడొచ్చు. అద్దెవాళ్ళు మారినప్పుడు మాత్రం ఐదేళ్ళు ఆగకుండా ఆ పోర్షన్ వరకు చేయించండి, ఏసీలు బిగించుకుని వైర్లు మార్చి పోయింటారు.