విషయం: పన్నెండేళ్ళ తరువాత మళ్ళీ పూల్ బల్ల దగ్గరికి - సలహా కోరుతున్నాను

(నెల్లూరు మూలాపేట, ప్రస్తుతం కొలంబస్)

అన్నగార్లకు, అక్కగార్లకు నమస్కారం. ఉద్యోగరీత్యా ఒహాయో వచ్చి మూడు నెలలైంది. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ట్రంకు రోడ్డు పక్క సందులో ఉన్న ఒక స్నూకర్ పార్లరుకు ఇంట్లో తెలియకుండా వెళ్ళేవాణ్ణి. రెండు సబ్జెక్టులు తప్పిన ఏడు ఆ సంగతి నాన్నగారికి తెలిసింది, అప్పటి నుంచి బంతులు కొట్టే ఆ కర్ర (క్యూ) ముట్టలేదు. ఇప్పుడు వయసు 34. ఇక్కడ నవంబరులో అయిదు దాటగానే చీకటి పడుతోంది, ఆఫీసు నుంచి వచ్చి గదిలో ఒక్కణ్ణే కూర్చోవడం కష్టంగా ఉంది. దగ్గరలో ఒక పూల్ హాలు ఉంది, స్నూకరులాగే కర్రతో బంతులను గుంటల్లోకి కొట్టే ఆటే. ఒంటరిగా వెళ్ళవచ్చునా? సొంత కర్ర ఉండాలా? మనం ఆడిన స్నూకరుకూ దీనికీ ఎంత తేడా ఉంటుంది?

(కందుకూరు, ప్రస్తుతం డేటన్)

తమ్ముడూ, మా ఇంట్లో ఆ పార్లరుకు పెట్టిన పేరు "పనిలేనివాళ్ళ సత్రం". నేను కూడా నలభై దాటాక మళ్ళీ మొదలుపెట్టినవాణ్ణే కాబట్టి, మొదటి నెలలో చేసిన పొరపాటు మీకు ముందే చెబుతాను.

స్నూకరు బల్ల 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు ఉంటుంది. పూల్ బల్లలు 7, 8, 9 అడుగులవి. స్నూకరు బంతి వ్యాసం 52.5 మిల్లీమీటర్లు, పూల్ బంతి 57 పైచిలుకు, కర్ర మొన కూడా ఆ మేరకు లావుగా ఉంటుంది. గుంటలు వెడల్పు, దూరాలు తక్కువ. అందువల్ల మొదటి రోజే నాలుగైదు బంతులు వరుసగా పడిపోయి, చేతి నేర్పు ఎక్కడికీ పోలేదని మీకు అనిపిస్తుంది. ఆ సంతోషాన్ని నమ్మవద్దు. చిన్న బల్ల మీద 15 బంతులు గుంపుగా ఉంటాయి కాబట్టి, ఒక బంతిని వేయడం కంటే, వేసిన తరువాత తెల్లబంతి ఎక్కడ ఆగిందన్నదే ఇక్కడ ఆట.

మన చేతికి ఈ అలవాటు లేకపోవడానికి కారణం క్యారమ్స్ అని నా అభిప్రాయం. వేసవి సెలవుల్లో అరుగుల మీద ఆడి కోణాలన్నీ నేర్చుకున్నాం, అంచుకు కొట్టి తిప్పి వేయడం కూడా మనకు వచ్చు. కానీ క్యారమ్స్‌లో కాయ పడ్డాక స్ట్రైకరు మళ్ళీ మన చేతికే వస్తుంది, గీత మీద మనకు కావలసినచోట పెట్టుకుంటాం, అది బోర్డు మీద ఎక్కడికి పోయిందన్న చింత లేదు. పూల్‌లో తెల్లబంతి ఆగినచోటి నుంచే తరువాతి దెబ్బ కొట్టాలి. ఇరవై ఏళ్ళ క్యారమ్స్ బుద్ధిని మార్చుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

కాబట్టి మొదటి మూడు వారాలు ఒక్కరే ఆడండి. తెల్లబంతికి రెండడుగుల దూరంలో ఒక బంతిని గుంటకు సూటిగా పెట్టి, తెల్లబంతిని మధ్యకు కొంచెం కింద కొట్టి, తగిలినచోటనే అది కదలకుండా నిలిచేలా సాధన చేయండి. అది కుదిరాక ఏటవాలుగా కొట్టి చూడండి. దొర్లకుండా జారుతూ వెళ్ళిన తెల్లబంతి, రెండో బంతి వెళ్ళిన దారికి లంబంగా పక్కకు పోతుంది. దొర్లుతూ వెళ్ళినదైతే, మరీ నిండుగా గానీ మరీ అంచున గానీ తగలనప్పుడు, తన పాత దారి నుంచి సుమారు 30 డిగ్రీలు మళ్ళుతుంది. ఈ రెండు దారులు కంటికి తెలిస్తే సగం ఆట వచ్చినట్టే.

సొంత కర్ర ఇప్పుడే వద్దు. హాలులో ఉన్నవాటిలో 19 ఔన్సులది తీసుకొని, ఒక కన్ను మూసి పొడవునా చూసి వంకర లేదని తేల్చుకొని, మొన గుండ్రంగా ఉంటే చాలు. మొన జారకుండా చాక్ (సుద్ద) మాత్రం ప్రతి దెబ్బకూ పూయండి. బల్లను ఎంచుకోవడంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దినవాళ్ళం మనం, ఈ బల్ల మీద గుడ్డ కింద ఉండేది కూడా పలకరాయే. మంచి బల్లకు సుమారు అంగుళం మందాన మూడు పలకలను మట్టం చూసి జతచేస్తారు. ఆ మట్టం తప్పితే ఎంత గురి ఉన్నా వృథా. తెల్లబంతిని అంచు పక్కనే నెమ్మదిగా దొర్లించండి, అది పక్కకు ఒరిగిపోతే ఇంకో బల్ల అడగండి.

తరువాత లీగులో, అంటే జట్లుగా ఆడే పోటీలో చేరండి. అమెరికన్ పూల్‌ప్లేయర్స్ అసోసియేషన్ వారి ఎయిట్ బాల్ ఆటలో (8వ నంబరు బంతిని చివర వేసి గెలిచే ఆట) ప్రతి ఆటగాడికి 2 నుంచి 7 వరకు ఒక స్థాయి ఇస్తారు. తక్కువ స్థాయివాడు తక్కువ ఆటలు గెలిస్తే సరిపోతుంది. ఒక రాత్రి ఆడే అయిదుగురి స్థాయిల మొత్తం 23 దాటకూడదు. అందరూ ఆరితేరినవాళ్ళే అయితే జట్టు కట్టడమే కుదరదు కాబట్టి, కొత్తగా వచ్చినవాణ్ణి వాళ్ళే వెతుక్కుంటూ ఉంటారు.

(ఒంగోలు, ప్రస్తుతం సిన్సినాటి)

కందుకూరు అన్నగారు చెప్పినవాటిలో సాధన పద్ధతి సరైనదే గానీ, మూడు వారాలు ఒక్కరే ఆడమనడాన్ని నేను ఒప్పుకోలేను. ఈ తమ్ముడు ఉత్తరం రాసిందే ఒంటరితనం గురించి. అరగంట సాధన చేసి, ఆ తరువాత పక్క బల్ల మీద ఒక్కరే ఆడుతున్నవారు ఎవరైనా ఉంటే ఒక ఆట ఆడదామా అని అడగండి. నేను అడిగిన ఏ ఒక్కరూ కాదనలేదు. ఎప్పుడూ వారంలో ఒకే రోజు, ఒకే వేళకు వెళ్ళండి, నెల తిరిగేసరికి ముఖాలు పరిచయమవుతాయి.

బారులో ఉండే బల్లల మర్యాద వేరు. మన బస్టాండులో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టినట్టు, అక్కడ బల్ల అంచున పావు డాలరు నాణెం పెట్టి వంతు చెప్పుకుంటారు. గెలిచినవారు నిలుస్తారు, కొత్తగా వచ్చినవారు డబ్బు వేస్తారు. తెల్లబంతి గుంటలో పడితే, లీగు నియమం ప్రకారం ఎదుటివారు దానిని బల్ల మీద ఎక్కడైనా పెట్టుకోవచ్చు, చాలా బారుల్లో మాత్రం ఆట మొదలుపెట్టే గీత వెనుక నుంచే కొట్టాలంటారు. మొదటి దెబ్బకు ముందే అడిగి తెలుసుకుంటే తగవు ఉండదు. ఎదుటివారు గురి చూస్తున్నప్పుడు వారి కంటికి ఎదురుగా కదలవద్దు, గ్లాసు బల్ల అంచు మీద పెట్టవద్దు. తాగకపోతే సోడా తీసుకోండి, ఎవరూ పట్టించుకోరు. వయసు రుజువు కోసం ఇక్కడి లైసెన్సు చేతికి వచ్చేదాకా పాస్‌పోర్టు వెంట ఉంచుకోండి.

హాలులోని అమెరికన్లు క్రికెట్ గురించి మిమ్మల్ని అడిగి అడిగి అలిసిపోయినప్పుడు, స్నూకరు పుట్టింది 1875లో మన జబల్పూరులో అని చెప్పండి. నేను చెప్పినప్పుడల్లా ఫోను తీసి వెతికి చూసుకుంటారు.

(మూలాపేట, ప్రస్తుతం కొలంబస్)

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న బుధవారం వెళ్ళాను. ఇచ్చిన బల్ల మీద తెల్లబంతి ఎడమకు ఒరిగింది, అడిగితే వెంటనే వేరేది ఇచ్చారు. అన్నగారు చెప్పినట్టే మొదటి నాలుగు బంతులు పడ్డాయి, ఆ తరువాత ఇరవై నిమిషాలు ఏదీ పడలేదు. అక్కగారి మాట ప్రకారం పక్క బల్ల మీద ఆడుతున్న పెద్దాయనను అడిగాను. మూడు ఆటలూ ఓడిపోయాను, వచ్చే బుధవారం ఏడింటికి రమ్మన్నారు. ఈ ఉదయం ఫోనులో నాన్నగారికి కూడా చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు, తరువాత గంటకు ఎంత తీసుకుంటున్నారని మాత్రం అడిగారు.