నాలుగో తరగతి పిల్లలకు అమెరికా బానిసత్వం గురించి ఎలా చెప్పాలి?

ప్రశ్న: సుద్దముక్క, బెంగళూరు

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో అమెరికా పాఠ్యప్రణాళికను అనుసరించే ఒక పాఠశాలలో నాలుగో తరగతికి సాంఘికశాస్త్రం చెబుతున్నాను. తరగతిలో 22 మంది పిల్లలున్నారు. వారిలో కొందరు తల్లిదండ్రుల ఉద్యోగాల వల్ల అమెరికాలో పుట్టి ఇక్కడికి వచ్చినవారు. మిగిలినవారికి అమెరికా అంటే పెదనాన్నగారు ఉండే దేశం మాత్రమే. ఈ నెలలో అక్కడి బానిసత్వం, దాని నుంచి విముక్తి అనే పాఠం మొదలుపెట్టాను.

పోయిన సంవత్సరం నేను చేసిన పొరపాటు ముందుగా చెప్పాలి. ఆఫ్రికా నుంచి మనుషులను ఓడల్లో ఎంత ఇరుకుగా తెచ్చారో తెలియాలని నేల మీద సుద్దముక్కతో ఓడ ఆకారం గీసి, పిల్లలను అందులో పక్కపక్కనే పడుకోమన్నాను. రెండు నిమిషాలు గడవకుండానే సగం మంది కితకితలు పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఒక పిల్లవాడు పక్కనున్న పాపతో, "నువ్వు నల్లగా ఉన్నావు కాబట్టి నువ్వే బానిసవు, నేను కెప్టెన్‌ని" అన్నాడు. ఆ పాప లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడింది. ఆ రోజు నేను ఆమెకు ఏమి చెప్పానో నాకు గుర్తులేదు గాని, ఆమె ఫ్రాకు వెనక అంటిన సుద్దపొడి మాత్రం ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

ఈ ఏడాది ఆ పద్ధతి పూర్తిగా వదిలేసి, బానిస అంటే జీతం లేకుండా మరొకరి కోసం రోజంతా పనిచేయవలసిన మనిషి అని చెప్పి మొదలుపెట్టాను. వెంటనే ఒక అబ్బాయి చెయ్యి ఎత్తి, "మా ఇంట్లోనే ఉండి పనిచేసే అక్క కూడా పొద్దున్నుంచి రాత్రిదాకా పనిచేస్తుంది, ఎక్కడికీ వెళ్ళదు, ఆమె కూడా బానిసేనా టీచర్?" అని అడిగాడు. సోమవారం చెబుతానని అన్నాను. వాడికి ఏమని జవాబు చెప్పాలి? క్రూరత్వాన్ని ఈ వయసు పిల్లలకు ఎంతవరకు చెప్పవచ్చు? పెద్దలు దయచేసి సలహా ఇవ్వండి.

జవాబు 1: ప్రళయకావేరి, చెన్నై

అమ్మా, నేను చెన్నైలో 30 ఏళ్ళకు పైగా చరిత్ర చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. నటింపజేయడం మానేసి మంచి పని చేశారు. రెండు నిమిషాల తర్వాత లేచి టిఫిన్ డబ్బా తెరుచుకోబోయే పిల్లవాడికి అది ఆటే అవుతుంది తప్ప, అలా లేవడానికి వీలులేని మనిషి సంగతి అందదు.

మీరు చెప్పిన నిర్వచనంలోనే ఆ అబ్బాయి ప్రశ్నకు బీజం ఉంది. జీతం లేకపోవడం, పని ఎక్కువగా ఉండడం అమెరికా బానిసత్వానికి అసలు గుర్తులు కావు. అక్కడ చట్టమే మనిషిని ఆస్తిగా లెక్కకట్టింది. గుర్రాన్ని, పొలాన్ని అమ్మినట్లే మనిషిని అమ్మవచ్చు, అప్పు కింద జమ వేయవచ్చు, వీలునామాలో కొడుకుకు రాసి ఇవ్వవచ్చు. 1619లో వర్జీనియా తీరంలో ఇరవై మందికి పైగా ఆఫ్రికా మనుషులను దింపారు. 1662లో అదే వర్జీనియాలో, తల్లి బానిస అయితే పుట్టే బిడ్డ కూడా బానిసే అని చట్టం చేశారు. మీరు నల్లబల్ల మీద రాయవలసిన వాక్యం ఇదే. దీన్ని అర్థం చేసుకున్న పిల్లలకు తర్వాతి లెక్కలు కూడా అర్థమవుతాయి. విదేశాల నుంచి బానిసలను తేవడాన్ని 1808లో అమెరికా నిషేధించింది. అయినా 1790లో సుమారు 7 లక్షలు ఉన్న బానిసల సంఖ్య 1860 నాటికి దాదాపు 40 లక్షలకు చేరింది. ఓడలు ఆగిపోయినా సంఖ్య ఎలా పెరిగిందని తరగతిని అడగండి. 1662 నాటి చట్టాన్ని గుర్తుపెట్టుకున్న పిల్ల ఎవరో ఒకరు తప్పకుండా చెబుతుంది.

క్రూరత్వం విషయంలో నా అనుభవం ఇది. కొరడా దెబ్బల బొమ్మలు చూపిస్తే ఈ వయసు పిల్లలు భయపడతారు, లేదా కళ్ళు మూసుకుంటారు; కుటుంబాలను విడదీసిన సంగతి చెబితే వింటారు. నేను ఎప్పుడూ బానిసత్వంలో పుట్టి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్‌తో మొదలుపెట్టేవాణ్ణి. ఆయన 1818 ప్రాంతంలో మేరీలాండ్‌లో పుట్టాడు. ప్రాంతంలో అని ఎందుకంటున్నానంటే, తాను ఏ రోజున పుట్టాడో ఆయనకు జీవితాంతం తెలియలేదు. పుట్టినరోజుకు తరగతిలో చాక్లెట్లు పంచే పిల్లలకు ఈ మాట చాలా లోతుగా తగులుతుంది. నా తరగతిలో ఒక పిల్లవాడు, "వాళ్ళ అమ్మను అడగవచ్చు కదా సార్" అన్నాడు. అప్పుడు ఆ అమ్మ సంగతి చెప్పాను. పసిబిడ్డగా ఉన్నప్పుడే ఆయన్ను తల్లి నుంచి వేరుచేసి, ఆమెను సుమారు 19 కిలోమీటర్ల దూరంలోని మరొక పొలంలో పనికి పెట్టారు. ఆమె పగలంతా పనిచేసి, చీకట్లో నడిచివచ్చి, కొడుకును పక్కలో పడుకోబెట్టుకుని, తెల్లవారకముందే మళ్ళీ పొలానికి చేరుకునేది. ఆయన తన తల్లిని చూసినది మొత్తం నాలుగైదు సార్లే. ఆయనకు ఏడేళ్ళ వయసు వచ్చేసరికి ఆమె చనిపోయింది. ఇది చెప్పిన తర్వాత నేను కొరడా పేరు ఎత్తవలసిన అవసరం ఎన్నడూ రాలేదు.

ఆయన చదువు సంగతి కూడా తప్పక చెప్పండి. బాల్టిమోర్‌లో ఆయన్ను పనికి పెట్టిన ఇంటి ఇల్లాలు ఆయనకు అక్షరాలు నేర్పడం మొదలుపెడితే, చదువు వచ్చినవాడు బానిసగా పనికిరాడని భర్త ఆపించాడు. ఆ పిల్లవాడు ఇంట్లో దొరికే రొట్టె ముక్కలను జేబులో వేసుకుని, వీధిలో ఆకలితో ఉండే తెల్ల పిల్లలకు ఇచ్చి, ఒక్కొక్క పాఠం నేర్చుకున్నాడు. 1838లో నావికుడి దుస్తులు వేసుకుని రైలెక్కి తప్పించుకున్నాడు, ఆ తర్వాత పత్రిక పెట్టాడు, తన జీవితాన్ని తానే రాశాడు.

ఇంకొక మాట. ఇదంతా ఎక్కడో దూరదేశపు తెల్లవాళ్ళ పాపం అని పిల్లలు అనుకోకూడదు. చెన్నైకి ఉత్తరాన ఉన్న పులికాట్‌లో డచ్చివారు 1613లో కోట కట్టుకుని, 17వ శతాబ్దంలో వేలమంది మనుషులను ఈ తీరం నుంచి ఇప్పటి జకార్తా వైపు బానిసలుగా ఓడలెక్కించారు. కరువు, యుద్ధాల సంవత్సరాల్లో గుప్పెడు బియ్యానికి తమను తాము అమ్ముకున్నవారు, పిల్లలను అమ్ముకున్నవారు వారిలో ఉన్నారు. ఆ ఊరి డచ్చి శ్మశానంలో చెక్కడాలున్న సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ఓడలెక్కిన మన మనుషులకు మాత్రం ఆ తీరంలో ఒక్క రాయి కూడా లేదు. మా పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళిన రోజున నేను పెద్దగా మాట్లాడలేకపోయాను.

జవాబు 2: సర్జాపుర అమ్మ, బెంగళూరు

టీచర్ గారూ, మా అమ్మాయి రెండో తరగతి నుంచి నాలుగో తరగతి వరకు జార్జియా రాష్ట్రంలో చదివింది. ఇప్పుడు ఇక్కడ చదువుతోంది. ఆమెకు ఇంట్లో తెలుగులో ఈ పాఠం వివరించినప్పుడు నాకు ఎదురైన ఇబ్బంది మాటల దగ్గరే వచ్చింది. యజమాని అనే మాట వాడితే ఆమె, "మన ఇంటి యజమానిలాగా అద్దె తీసుకునేవారా?" అని అడిగింది. మన భాషలో యజమాని గౌరవమైన మాట. ఇంటి పెద్దను కూడా అలాగే అంటాం. ఇక బానిస అనే మాటను బానిస బుద్ధి, బానిస బతుకు అంటూ తిట్టుగా వాడతాం. అందుకని నేను "బానిసత్వంలో ఉంచిన మనుషులు" అని, "వాళ్ళను తమ సొత్తుగా చెప్పుకున్నవాళ్ళు" అని చెప్పడం మొదలుపెట్టాను. మాట పొడవైనా, తప్పు ఎవరిదో అందులోనే తెలుస్తుంది. వాళ్ళు వడ్రంగులు, కమ్మరులు, వంటవాళ్ళు, పడవ నడిపేవాళ్ళు, తల్లులు, తండ్రులు అని వెంటనే చేర్చండి.

ఆ పాపతో జరిగినదాని గురించి మీరు ఈ ఏడాదైనా తరగతిలో నేరుగా మాట్లాడాలని నా మనవి. రంగు చూసి మనిషి విలువ కట్టడం మన పెళ్ళిచూపుల్లోనూ, మన చుట్టాల మాటల్లోనూ ఉంది. ఆ పిల్లవాడు దాన్ని ఇంట్లోనే నేర్చుకుని ఉంటాడు. నల్లగా ఉన్నందువల్ల వాళ్ళు బానిసలు కాలేదనీ, మనుషులను ఆస్తిగా ఉంచుకోవాలనుకున్నవాళ్ళు రంగును సాకుగా చేసుకుని చట్టాలు రాసుకున్నారనీ చెప్పండి. "మనుషులందరూ సమానులుగా సృష్టించబడ్డారు" అని 1776లో రాసిన థామస్ జెఫర్సనే తన జీవితకాలంలో 600 మందికి పైగా మనుషులను ఆస్తిగా ఉంచుకున్నాడు. తొమ్మిదేళ్ళ పిల్లలకు న్యాయం, అన్యాయం మనకంటే త్వరగా తెలుస్తాయి. ఇది విన్నప్పుడు మా అమ్మాయి చాలాసేపు ఊరుకుని, "రాసినది కొట్టేయలేదా మరి?" అంది.

విముక్తి పాఠంలో అప్పటి అధ్యక్షుడు లింకన్ ఒక్కడే అందరినీ విడిపించినట్లు చెప్పకండి. బానిసత్వంలో పుట్టిన రాబర్ట్ స్మాల్స్ కథ చెబితే పిల్లలు ఊపిరి బిగబట్టి వింటారు. బానిసత్వం విషయంలో దక్షిణాది, ఉత్తరాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం జరుగుతుండగా, 1862 మే నెలలో ఛార్ల్‌స్టన్ రేవులో, దక్షిణాది సైన్యం వాడుతున్న ప్లాంటర్ అనే ఓడను తెల్లవారుజామున తోటివారితో కలిసి నడుపుకుంటూ, దారిలో తన భార్యాపిల్లలను ఎక్కించుకుని, కెప్టెన్ టోపీ పెట్టుకుని, కోటల దగ్గర సరైన ఈల సంకేతాలు ఇచ్చి దాటి, ఉత్తరాది నౌకాదళానికి ఆ ఓడను అప్పగించాడు. యుద్ధం తర్వాత ఆయన అమెరికా పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. హ్యారియట్ టబ్‌మన్ సంగతి ఎలాగూ మీ పుస్తకంలో ఉంటుంది. ఆమె 1849లో బానిసత్వం నుంచి తప్పించుకుని, మళ్ళీ సుమారు 13 సార్లు వెనక్కి వెళ్ళి దాదాపు 70 మందిని బయటికి తెచ్చింది. రాత్రిళ్ళు ధ్రువ నక్షత్రాన్ని చూసి ఉత్తరానికి నడిచేవారు. మనకు బెంగళూరులో ఆ నక్షత్రం నేలకు చాలా దగ్గరగా, అపార్ట్‌మెంట్ల వెనక ఉండిపోతుంది; మేరీలాండ్‌లో ఇక్కడికంటే చాలా ఎత్తున కనిపిస్తుంది. మేడ మీద నిలబడి సప్తర్షులను వెతకమని ఇంటిపని ఇవ్వండి.

తేదీలు ఎక్కువ చెప్పకండి గాని, ఈ మూడూ వదలకండి. 1863 జనవరి 1న లింకన్ చేసిన బానిసల విముక్తి ప్రకటన తిరుగుబాటు చేసిన రాష్ట్రాలకు వర్తించింది. టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో సైన్యం వచ్చి ఆ మాట చదివి వినిపించినది 1865 జూన్ 19న. దేశమంతటా బానిసత్వాన్ని రద్దుచేసిన 13వ రాజ్యాంగ సవరణ ఆమోదం పొందినది 1865 డిసెంబరులో. కాగితం మీద స్వేచ్ఛకూ, మనిషికి చేరిన స్వేచ్ఛకూ మధ్య రెండున్నరేళ్ళు ఎందుకు పట్టిందో పిల్లలే చర్చించుకోవచ్చు.

జవాబు 3: నాన్న, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్

నాకు ఇందులో సందేహం ఉంది. తొమ్మిదేళ్ళకు ఇదంతా బరువైన విషయమని నా నమ్మకం. మా బాబు ఇలాంటి పాఠం విన్న రోజున, తనను కూడా ఎవరైనా అమ్మేస్తారా అని రాత్రి పన్నెండింటికి లేచి అడిగాడు. ఏడో తరగతి వరకు ఆగడం మంచిదేమో ఆలోచించండి.

జవాబు 4: ప్రళయకావేరి, చెన్నై

బాబూ, మీ అబ్బాయి భయం నిజమైనదే. పాఠం చెప్పేవారు దాన్ని ముందే ఊహించాలి. ఇప్పుడు అలా అమ్మడం నేరమనీ, అమ్మానాన్నలు పక్కనే ఉన్నారనీ పాఠం మధ్యలోనే చెప్పాలి. అయితే టీచర్ గారి తరగతిలోని ఆ పిల్లవాడికి ఏడో తరగతి వరకు ఎవరూ ఏమీ చెప్పకపోతే, నల్లగా ఉన్న పాపను బానిస అనడం మాత్రం అప్పటిదాకా ఆగదు.

జవాబు 5: కార్మిక న్యాయం చూసేవాణ్ణి, బెంగళూరు

ఆ అబ్బాయి ప్రశ్న గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే దాన్ని దాటవేయడం నాకు తప్పుగా తోస్తోంది. బానిస కాదు అని ఒక్క మాటతో తేల్చేయకండి, అవును అని కూడా అనకండి. అడగవలసిన ప్రశ్నలు వాడికే ఇవ్వండి. అక్కకు జీతం ఆమె చేతికి వస్తుందా? సెలవు కావాలంటే వెళ్ళగలదా? పని మానేస్తానంటే ఎవరైనా అప్పు చూపించి ఆపుతారా? ఆమె ఫోను ఆమె దగ్గరే ఉందా? ఆమె వయసు ఎంత? మన రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిచాకిరిని నిషేధిస్తుంది. 1976 నాటి చట్టం ప్రకారం, మనిషిని పనికి కట్టిపడేసిన అప్పు చెల్లకుండా పోతుంది. 14 ఏళ్ళలోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకోవడం నేరం. అమ్మకానికి పెట్టే బానిసత్వం వేరు, అడ్వాన్సు ఇచ్చి కదలనివ్వని వెట్టి వేరు, తక్కువ జీతానికి ఎక్కువ పని చేయించుకునే అన్యాయం వేరు. మూడింటినీ కలిపేస్తే అమెరికాలో జరిగినది చిన్నదైపోతుంది. మూడో దాన్ని ఏమీ కాదని వదిలేస్తే ఆ అక్కకు అన్యాయం చేసినవారమవుతాం.

ప్రశ్న అడిగినవారు: సుద్దముక్క, బెంగళూరు

అందరికీ కృతజ్ఞతలు. 1662 నాటి వాక్యాన్ని సోమవారం నల్లబల్ల మీద రాస్తాను. నా నిర్వచనం సరిపోలేదని పిల్లల ముందే ఒప్పుకుని, దాన్ని తుడిచి, కొత్తది రాస్తాను. ఆ అబ్బాయి తల్లిదండ్రులకు ఈ రోజే ఫోన్ చేశాను. వాడు ఇంట్లో కొన్ని ప్రశ్నలు అడగవచ్చనీ, దయచేసి కోప్పడకుండా నిజం చెప్పమనీ కోరాను. వాళ్ళ అమ్మగారు కొంచెంసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, ఆ అమ్మాయికి నెలలో ఒక్క ఆదివారమే సెలవు ఇస్తున్నామని తనంతట తానే చెప్పారు.

పోయిన ఏటి పాప ఇప్పుడు ఐదో తరగతిలో ఉంది. రేపు భోజన విరామంలో వెళ్ళి, ఆ రోజు నేను చేసినది తప్పని ఆమెతో చెప్పబోతున్నాను.