డిసెంబర్‌లో లేక్ ఫోర్క్: అరచేయంత లేని క్రాపీని కూడా ఇంటికి తేవాల్సిందేనా?

ఫ్రిస్కో_గాలం:
మొన్న శనివారం డాలస్ నుంచి తెల్లారకముందే బయల్దేరి, క్రాపీ అనే మంచినీటి చేప కోసం లేక్ ఫోర్క్ సరస్సుకి వెళ్లాం. టెక్సాస్‌లో మామూలు రూలు తెలిసిందే: క్రాపీ 10 అంగుళాలు లేకపోతే వదిలేయాలి, మనిషికి రోజుకి 25. ఫోర్క్‌లో మాత్రం డిసెంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా కొలత లేదు, పడ్డ ప్రతి క్రాపీనీ ఉంచుకోవాల్సిందే. తొమ్మిది బుల్లి చేపలు తెచ్చాం. మా ఆవిడ చూసి "ఇందులో తినేదేముంది?" అంది. నిజమే కదా. పిల్ల చేపని చంపమనే రూలేంటండీ?

పాతకాపు_టైలర్:
తమ్ముడూ, ఎంత లోతులో పట్టావు? చలికాలంలో ఫోర్క్ క్రాపీ 30 అడుగుల కిందకి దిగిపోతుంది. అక్కణ్ణించి సర్రున లాగితే గాలితిత్తి ఉబ్బిపోతుంది. మన బొచ్చె, శీలావతులకైతే ఆ తిత్తి నుంచి గొంతులోకి గొట్టం ఉంటుంది, గాలి వదిలేస్తాయి. క్రాపీకి ఆ దారి లేదు. కళ్లు పొడుచుకొస్తాయి, ఒక్కోసారి పొట్ట నోట్లోకి వచ్చేస్తుంది. నువ్వు వదిలేశాననుకుంటావు, అది వెల్లకిలా తేలి పక్షుల పాలవుతుంది. ఎలాగూ చచ్చేదాన్ని లెక్కలో వేసుకో, 25 అయ్యాక గాలం ఎత్తేయ్ అంటోంది రూలు. లేకపోతే పెద్దవి ఏరుకోవడానికి వంద చేపల్ని పాడు చేసేవాళ్లున్నారు. ఆ రకం వాళ్లతో ఒకే పడవలో కూర్చున్నా కాబట్టే చెప్తున్నా.

మార్చి_దాకా_ఆగు:
అంత తెలిసినప్పుడు చలికాలంలో వెళ్లడమెందుకన్నా? మార్చిలో నీళ్లు 60 ఫారెన్‌హీట్ దాటాక అదే గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తుంది. మూడు నాలుగడుగుల నీళ్లు, మునిగిన కొమ్మల పక్కన బెండు కట్టి మిన్నో (ఎరకి వాడే బుల్లి చేప) వేస్తే చాలు. పడవ అక్కర్లేదు, నీళ్లలో చేపల్ని చూపించే వేల డాలర్ల లైవ్‌స్కోప్ సోనార్ తెర అక్కర్లేదు. చిన్నది పడితే హాయిగా వదిలేయొచ్చు, బతుకుతుంది.

పాతకాపు_టైలర్:
ఆ ఒడ్డున నీకు పడేది ఎవరనుకుంటున్నావు? నల్లబడిన మగ చేప. ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతే గూడు కాసేది అదే. మన కొరమీను పిల్లల్ని కాచినట్టే. దాన్ని వేపుడు చేసుకుని, చలికాలం వాళ్లకి నీతులు చెప్తావా?

మార్చి_దాకా_ఆగు:
గూటి మీది మగదాన్ని తీస్తే ఆ ఒక్క గూడు పోతుంది, ఒప్పుకుంటా. కానీ ఒక్కో ఆడ చేప వేల గుడ్లు పెడుతుంది. పైగా నేను పది తీసుకుని లేచి వస్తా. 25 అనేది హద్దు గురూ, టార్గెట్ కాదు.

వంతెన_కింద_రాత్రి:
ఇద్దరూ ఆగస్టు సంగతి మర్చిపోయారు. నేను ఎండాకాలం రాత్రిపూటే వెళ్తా. వంతెన స్తంభాల దగ్గర పచ్చ లైటు దింపితే పురుగూ, క్రాపీ తినే షాడ్ చేప పిల్లలూ మూగుతాయి, వాటి వెనక క్రాపీ. దాని కళ్లు పైకి చూస్తాయి, అందుకని ఎర క్రాపీ కంటే ఒక అడుగు పైనే ఉండాలి, కిందకి పోతే ముట్టదు. పడ్డాక గట్టిగా గుంజకండి, కాగితం లాంటి మూతి చిరుగుతుంది. అయితే ఆ వేడినీళ్లలో ఎక్కువసేపు ఆడించి వదిలినా బతకడం కష్టమే. వదిలితే పాపం పోయిందనే లెక్క ఏ కాలంలోనూ పూర్తిగా నిజం కాదు. అక్టోబర్‌లో షాడ్ వెంట వాగుల్లోకి వచ్చినప్పుడు కాస్త నయం, నీళ్లు చల్లబడతాయి, చేప మరీ లోతుకి పోదు.

ఫ్రిస్కో_గాలం:
గాలితిత్తి సంగతి తెలియదు. వీడియోల్లో అందరూ 16వ వంతు ఔన్స్ జిగ్ (బరువు కట్టిన కృత్రిమ ఎర) ఏ రంగుదో చెప్తారు, ఇది చెప్పరు. మరి చిన్నవి పడకుండా ఏం చేయాలి?

పాతకాపు_టైలర్:
వరసగా రెండు చిన్నవి పడ్డాయంటే ఆ గుంపు అంతా ఒకే ఈడుది. వేరే మునిగిన చెట్టు దగ్గరికి మారు. మూడోదాని కోసం ఆశపడకు. నేను తిట్టుకునే ఆ లైవ్‌స్కోప్ తెర ఇక్కడ మాత్రం పనికొస్తుంది, పెద్దది కనిపిస్తేనే జిగ్ దింపొచ్చు.

మార్చి_దాకా_ఆగు:
చివరికి తెర కొనమన్నావు చూడు. నేను మార్చిలోనే వస్తా.

ఫ్రిస్కో_గాలం:
సరే, ఆ తొమ్మిదింటినీ పొలుసు గీకి, తలలు తీసి, ముల్లుతోనే కరకరా వేయించింది మా అత్తగారు. ఒక్కటి మిగల్లేదు.